బానీ, క్లైడ్ సమాధుల దారిలో వంద డాలర్ల డిపాజిట్

1930లలో దోపిడీలు, హత్యలతో పేరుమోసిన జంట బానీ పార్కర్, క్లైడ్ బారోల జాడలు చూడాలనుకునే డాలస్ పరిసరాల తెలుగువారికి ముందుగా ఒక మాట చెప్పాలి: లూసియానాలో రాత్రి బస చేయకండి. ఇర్వింగ్ నుంచి తెల్లవారుజామున బయలుదేరితే గిబ్స్‌లాండ్ చూసుకొని రాత్రి భోజనానికి ఇల్లు చేరవచ్చు. మేము అలా చేయకపోవడానికి కారణం మా మామగారి నడుము. ప్రకాశం జిల్లాలో హెడ్ కానిస్టేబుల్‌గా పదవీ విరమణ చేసిన ఆయన ఒకే రోజు ఏడు గంటలు కారులో కూర్చోలేరని నా భార్య పట్టుబట్టి మోటెల్ గది తీసుకుంది.

వెళ్లేటప్పుడు ప్రయాణం పులిహోర, పెరుగన్నాలతో సుఖంగా సాగింది. రానూపోనూ పెట్రోలుకు 47 డాలర్ల 30 సెంట్లు అయింది. గిబ్స్‌లాండ్ చాలా చిన్న ఊరు. 1934 మే 23 ఉదయం బానీ, క్లైడ్ ఆఖరి శాండ్‌విచ్‌లు కొనుక్కున్న హోటలు భవనంలోనే ఇప్పుడు మ్యూజియం ఉంది. అక్కడి నుంచి 154వ నంబరు రోడ్డులో దక్షిణంగా వెళితే, పైన్ చెట్ల మధ్య, వారిని కాల్చి చంపిన చోట ఒక రాతి ఫలకం కనిపిస్తుంది. వారి ముఠా సభ్యుడు హెన్రీ మెత్విన్ తండ్రి, తన ట్రక్కు చెడిపోయినట్టు నటిస్తూ దాన్ని రోడ్డు పక్కన నిలిపాడు. దాన్ని చూసి క్లైడ్ తన ఫోర్డ్ వీ-8 కారు వేగం తగ్గించగానే పొదల్లో పొంచి ఉన్న ఆరుగురు పోలీసులు సుమారు 130 గుళ్లు కాల్చారు. ఈ వివరం చెప్పగానే మామగారు, "ఇన్‌ఫార్మర్ లేకుండా ఏ కేసూ తేలదు అల్లుడుగారూ" అని తృప్తిగా తల పంకించారు. ఆ ఫలకాన్ని నిలిపింది పోలీస్ జ్యూరీ అని దాని మీద ఉంటే, నేరస్థులకు పోలీసులే రాయి వేయించడమేమిటని ఆయన చాలాసేపు నొచ్చుకున్నారు. లూసియానాలో జిల్లా పాలక మండలిని అలా పిలుస్తారని, పోలీసు శాఖకు దానితో సంబంధం లేదని ఫోనులో చూపిస్తే గానీ నమ్మలేదు. రాతినిండా తూటాల గుంటలు, జనం గీకిన పేర్లు ఉన్నాయి. తిరుగు దారిలో ఒక గ్యాస్ స్టేషన్ లోపల, మొక్కజొన్న పిండి పట్టించి వేయించిన వాలుగ చేప ముక్కలు 11 డాలర్లకు దొరికాయి. అమెరికా వచ్చాక మామగారు రెండోసారి అడిగి వడ్డించుకున్న మొదటి బయటి తిండి అదే.

ఇక మోటెల్. ష్రీవ్‌పోర్ట్ శివార్లలోని ఆ గదికి పన్నులతో కలిపి 74 డాలర్ల 26 సెంట్లు ముందే చెల్లించాము. తీరా వెళ్లాక కౌంటరులోని వ్యక్తి, బుక్ చేసినప్పుడు ఎక్కడా కనిపించని 100 డాలర్ల డిపాజిట్ అడిగాడు. ఇది ముందే ఎందుకు చెప్పలేదని అంటే, కంప్యూటరు మీదనుంచి కళ్లెత్తకుండా, కావాలంటే గది వదులుకోవచ్చుగానీ కట్టిన డబ్బు తిరిగి రాదన్నాడు. రాత్రి ఎనిమిదిన్నరకు, నడుము పట్టుకొని నిలబడ్డ పెద్దాయనతో ఇంకెక్కడికి వెళ్లగలం? గదిలో సిగరెట్ వాసనను నిమ్మకాయ స్ప్రే కొట్టి కప్పిపెట్టారు. కిటికీ కింది ఏసీ నుంచి కారే నీటిని ఆపడానికి తువ్వాలు చుట్టి ఉంచారు. దుప్పటి మీద బఠాణీ గింజంత కాలిన చిల్లు ఒకటి ఉంది. నా భార్య నాతో మాట్లాడడం మానేసింది, గది తీసుకున్నది తానే అయినా. మామగారు మాత్రం మళ్లీ ఉద్యోగంలో చేరినంత ఉత్సాహంతో గదంతా పంచనామా చేసి, చిల్లు పక్కన పావలా డాలరు నాణెం పెట్టించి, సమయం కనిపించేలా నా చేత ఫొటో తీయించారు. ఇదంతా అనవసరమని లోలోపల విసుక్కున్నాను.

మరునాడు డాలస్‌లో చూసిన రెండు సమాధులకు పైసా ఖర్చు కాలేదు. ఫోర్ట్ వర్త్ అవెన్యూ మీదున్న వెస్టర్న్ హైట్స్ శ్మశానంలో క్లైడ్, 1933లో పోలీసు కాల్పుల్లో గాయపడి మరణించిన అన్న బక్ ఒకే రాతి కింద ఉన్నారు. గేటుకు తాళం ఉంటుందని విని వెళ్లాము గానీ ఆ రోజు తెరిచే ఉంది. రాతి మీద ఎవరో సెంటు నాణేలు, ఒక ఖాళీ తూటా పెట్టి వెళ్లారు. మామగారు కారు దిగలేదు.

బానీది వేరే చోట, క్రౌన్ హిల్ మెమోరియల్ పార్కులో. ఇద్దరినీ ఒకేచోట పాతిపెట్టడానికి ఆమె తల్లి ఒప్పుకోలేదు. మొదట ఫిష్‌ట్రాప్ శ్మశానంలో ఉన్న ఆమె అవశేషాలను 1945లో ఇక్కడికి మార్చారు. చక్కగా కత్తిరించిన పచ్చిక, పొదల వరుస, నేలకు సమంగా ఫలకం. ఎండా మంచూ తగిలి పూలు ఇంకా మధురమైనట్టు, నీలాంటివారి బతుకుల వల్ల ఈ పాత లోకం వెలుగుతుందని దాని మీద చెక్కారు. అర్థం చెప్పమంటే చెప్పాను. "పదమూడు మందిని చంపిన ముఠా కదా!" అన్నారు మామగారు. కాసేపాగి, "కన్నతల్లి గదా, ఇంకేం రాయిస్తుందిలే" అని చెప్పులు విడిచి నిలబడ్డారు. ఒక్కచోటే చూసే తీరిక ఉంటే ఇక్కడికే రండి.

ఆ తర్వాత సౌత్‌లేక్ వెళదామన్నది ఆయనే. 114వ నంబరు హైవే దగ్గర డవ్ రోడ్డు మీద, 1934 ఏప్రిల్ 1న, ఈస్టర్ ఆదివారం నాడు బారో ముఠా కాల్చి చంపిన వీలర్, మర్ఫీ అనే ఇద్దరు హైవే పోలీసుల స్మారక శిల ఉంది. మర్ఫీకి పెళ్లి కుదిరి ఉండగా, మోటారు సైకిల్ గస్తీలో అదే తొలిరోజు. నాలుగేళ్లుగా ఆఫీసుకు ఆ పక్కనుంచే వెళ్తున్న నేను ఒక్కసారీ ఆగలేదు. మేమున్న అరగంటలో మరెవరూ రాలేదు.

పదకొండు రోజుల తర్వాత మోటెల్ వారు డిపాజిట్‌లో 75 డాలర్లు వెనక్కి పంపి, దుప్పటి కాల్చినందుకు 25 డాలర్లు మినహాయించుకున్నట్టు రాశారు. మా ముగ్గురిలో సిగరెట్ ముట్టినవారు లేరు. నాణెం పక్కన పెట్టి తీసిన ఆ ఫొటో, మేము గదిలోకి వెళ్లిన సమయంతో సహా పంపాను. నాలుగో రోజున ఆ 25 డాలర్లు కూడా వచ్చాయి, క్షమాపణ మాత్రం రాలేదు. ఆ సంగతి ఫోనులో చెబితే ఒంగోలులో ఉన్న మామగారు, రసీదు దాచిపెట్టమన్నారు.