కన్వీనర్ సీటా, మేనేజ్‌మెంట్ సీటా?

తెలంగాణ ప్రైవేటు ఇంజినీరింగ్ కళాశాలల్లో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటావి (ఎప్‌సెట్ ర్యాంకును బట్టి ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో ఇచ్చేవి), 30 శాతం యాజమాన్యానివి. పేరున్న కళాశాలలో లక్షలు పోసి మేనేజ్‌మెంట్ సీటు తీసుకోవాలా, ఓ మోస్తరు కళాశాలలో కన్వీనర్ సీటుతో సరిపెట్టుకోవాలా?

ఖర్చులో పోలికే లేదు. కన్వీనర్ సీటుకైతే అర్హులకు ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంటుంది: 10 వేల లోపు ర్యాంకు తెచ్చుకున్న బీసీ విద్యార్థికి పూర్తి ఫీజు, ఆపై ర్యాంకులకు 35 వేల రూపాయల వరకు. (ఆ సొమ్ము సకాలంలో అందక సర్టిఫికెట్లు కళాశాల బీరువాలోనే మగ్గడం వేరే కథ.) మేనేజ్‌మెంట్ సీటుకు ఆ ఊసే లేదు.

ఇక ఉద్యోగాలు. పెద్ద కళాశాల గడప తొక్కే కంపెనీలు ఎక్కువే, కాదనలేం. కానీ హోర్డింగు మీద మెరిసే ‘అత్యధిక ప్యాకేజీ’ ఒక్కరిది. మూడు కంపెనీలు ఎంచుకున్న ఒకే విద్యార్థిని మూడు ఉద్యోగాలుగా లెక్కేసే కళాశాలలూ ఉన్నాయి. కళాశాలలకు కేంద్రం ఇచ్చే ర్యాంకింగ్ ఎన్ఐఆర్ఎఫ్‌కు కళాశాల సమర్పించిన పత్రంలో మధ్యస్థ వేతనం (సగం మందికి అంతకన్నా ఎక్కువ, సగం మందికి తక్కువ వచ్చే జీతం) ఉంటుంది, చూడాల్సింది అది. పైగా చాలా కంపెనీలు పది, ఇంటర్, బీటెక్ మూడింటిలోనూ 60 శాతం అడుగుతాయి. అది లేకపోతే ఎంత డొనేషన్ కట్టినా పరీక్ష గదిలోకే రానివ్వరు. ఆఫర్ లెటరూ చేతికందిన జీతం కాదు: 2022లో పట్టా పుచ్చుకున్న ఎందరో నెలల తరబడి చేరిక తేదీ కోసం ఎదురుచూశారు.

అప్పు చేయాల్సి వస్తే నా ఓటు కన్వీనర్ సీటుకే. ఆ డబ్బు మీకు భారం కాకపోతే, తోటి విద్యార్థుల స్థాయి కోసమైనా పెద్ద కళాశాల మేలు.