విస్తరి, స్టీలు కంచం, కాగితం ప్లేటు: ఇంట్లో భోజనాలకు ఏది మేలు?

మార్చిలో అక్క మనవరాలి బారసాల అయ్యాక ఎంగిలాకులన్నీ పెరట్లో గుంట తీసి పూడ్చాం. జూలైలో వానలు పడ్డాక కొబ్బరి మొక్క పెడదామని అక్కడే తవ్వితే చాలామటుకు నల్లటి మట్టే వచ్చింది. ఆకులు కుట్టిన పుల్లలు మాత్రం అక్కడక్కడ పారకు తగిలాయి. వాటితోపాటు గుండ్రంగా, పల్చగా, వేళ్లకు చుట్టుకుంటూ ఒక ప్లాస్టిక్ పొర పైకి వచ్చింది. దాని వెనకే ఇంకొకటి. ఏరగా ఏరగా పదిహేను తేలాయి. ఆ రోజు మేము ప్లాస్టిక్ ప్లేటు ఒక్కటి కూడా వాడలేదు.

అవి ఎక్కడివో కాసేపటికి గుర్తొచ్చింది. రెండో బంతికి ఆకులు చాలవేమోనని చివరి నిమిషంలో కొట్టు నుంచి అచ్చు విస్తళ్లు తెప్పించాను. పైన ఆకు, కింద అట్ట, రెండింటినీ కలిపి యంత్రం మీద వేడిగా నొక్కి చేసినవి. పులుసు కారకుండా వాటి మధ్యలో పల్చటి పాలిథిన్ పొర పెట్టారు. పైకి ఆకే కనిపిస్తుంది కాబట్టి ఆకనే నమ్మాను. మిగిలిన ఒక ప్లేటును బకెట్టు నీళ్లలో రాత్రంతా నానబెడితే తెల్లారేసరికి అట్ట గుజ్జయిపోయింది, ఆకు ఊడివచ్చింది, పొర మాత్రం చెక్కుచెదరలేదు. అచ్చు విస్తళ్లన్నీ ఇలాగే ఉంటాయని కాదు, అడుగున కూడా ఆకే వేసి నొక్కేవాళ్లూ ఉన్నారు. అందుకే ఇప్పుడు వంద కొనే ముందు ఒకటి తెచ్చి నానబెట్టి చూస్తున్నాను. మీరూ చూడండి, పైసా ఖర్చు లేదు.

ఈ పరీక్షలో అందరికంటే ముందు ఓడిపోయేది వెండిలా మెరిసే కాగితం ప్లేటు. నానబెట్టే పని కూడా లేదు, అంచు చింపితే చాలు. కాగితం తెగిపోయినా మెరిసే పొర సాగుతూ వస్తుంది. కాగితమూ ప్లాస్టిక్కూ అతుక్కుపోయి, దాని మీద నూనె, కూర అంటుకున్న ప్లేటును పాత సామాన్లవాళ్లు తీసుకోరు. పాతిపెడితే పొర మిగులుతుంది, తగలబెడితే ఆ పొగ మనమే పీల్చాలి. ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలను దేశమంతటా 2022 జూలై 1 నుంచి నిషేధించారు. మా బజారులో వాటి చోటును ఎక్కువగా ఈ మెరిసే ప్లేట్లే ఆక్రమించాయి. ఎంత చవకగా దొరికినా వీటిని కొనవద్దనే చెబుతాను.

ఇక అసలు పోటీ కుట్టు విస్తరికీ స్టీలు కంచానికీ మధ్యనే.

కుట్టు విస్తరి అంటే నాకు ప్రాణం, ముందే ఒప్పుకుంటున్నాను. పాడేరు, అరకు వైపు అడవుల్లో అడ్డతీగ పెద్ద చెట్లను అల్లుకుని పాకుతుంది. ఎద్దు గిట్టలా రెండుగా చీలిన వెడల్పాటి ఆకు దానిది. ఆదివాసీలు ఆ ఆకులు కోసి, ఎండబెట్టి, కట్టలు కట్టి అమ్ముతారు. వాళ్ల దగ్గర అటవీ ఉత్పత్తులు కొనడానికే విశాఖపట్నం కేంద్రంగా 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. తెలంగాణ పల్లెల్లో ఇదే పని మోదుగాకు చేస్తుంది. ఆకు మీద ఆకు సర్ది, సన్నటి పుల్లతో గుచ్చి, మిగిలిన కొసను విరుస్తూ చకచకా కుట్టుకుపోయే చేతులను ఒకసారి దగ్గరగా చూస్తే, ఆ ధరకు బేరమాడాలని అనిపించదు. మనం ఇచ్చే డబ్బులో కొంతైనా ఆకు కోసినవాళ్లకూ కుట్టినవాళ్లకూ చేరుతుంది. తిన్నాక ఆకును మట్టిలో వేస్తే మట్టవుతుంది.

అయితే దాని ఇబ్బందులు దానికీ ఉన్నాయి. ఎండిన ఆకును అలాగే వేస్తే పెళుసుగా విరిగి, పప్పుచారు బల్ల మీదికి దారి తీస్తుంది. బారసాల పొద్దున మా పిన్ని వస్తూనే అడిగిన మొదటి మాట ఇదే: "విస్తళ్లకు నీళ్లు చల్లావుట్రా?" చల్లలేదన్నాను. ఆవిడే కట్ట విప్పి, ఒక్కొక్క ఆకు మీద తడిచెయ్యి విదిలించి, దొంతరగా పేర్చి పైన తడిగుడ్డ కప్పింది. గంటకు ఆకులన్నీ మెత్తబడి చెప్పినట్టు ఒదిగాయి. వానాకాలంలో కొనేటప్పుడు కట్టను ముక్కు దగ్గర పెట్టుకుని చూడాలి, బూజు వాసన వస్తే తీసుకోకూడదు. నిలబడి తినే బఫేకు మాత్రం కుట్టు విస్తరి పనికిరాదు. అది కింద కూర్చున్నవాడికో, బల్ల ముందు కూర్చున్నవాడికో తగిన ఆకు. బఫే తప్పదంటే వక్క పట్టతో చేసిన ప్లేట్లు గట్టిగా ఉంటాయి, వాటిలో పొరలేవీ ఉండవు, కానీ ధర ఎక్కువ.

అరిటాకు మాటేమిటంటారా? కోనసీమలోనో, తోటలున్న మరో చోటనో ఉంటే ఇంకేమీ ఆలోచించకండి. పొద్దున కోసిన ఆకును మధ్యాహ్నానికి వేయవచ్చు, తిన్నాక పశువుకు పెట్టవచ్చు. హైదరాబాదులో లారీ దిగి, ఎండకు వడలి, మడత దగ్గర చిరిగిన ఆకుకు అంత డబ్బు పోయడం మాత్రం నాకు నచ్చదు.

స్టీలు కంచం దగ్గర అందరూ అడిగేది నీళ్ల గురించే. మే నెలలో తమ్ముడి గృహప్రవేశానికి డెబ్బై మంది వచ్చారు. టెంటు సామాన్లు అద్దెకిచ్చే చోటు నుంచి కంచాలు, గ్లాసులు తెచ్చాం. ఎవరో ఒకరు చెప్పింది కాకుండా నేనే కొలిచి చూడాలనుకున్నాను. మొదటి పది కంచాలు కుళాయి కింద కడిగారు. బకెట్టు పెట్టి చూస్తే ఆ కుళాయి నుంచి నిమిషానికి ఆరు లీటర్లు వస్తున్నాయి, ఒక్కో కంచానికి దాదాపు నిమిషం పట్టింది. తర్వాత పద్ధతి మార్చాం. ఎంగిలిని ముందే చేత్తో ఒక బుట్టలోకి తీసేసి, పాతిక లీటర్ల తొట్లు మూడు వరసగా పెట్టాం: మొదటిది తడపడానికి, రెండోది సబ్బుకు, మూడోది తొలపడానికి. మొత్తం మూడుసార్లు వాటిని నింపాం. అరవై కంచాలు, డెబ్బై గ్లాసులు కలిపి 225 లీటర్లతో అయిపోయాయి. అంటే కంచానికి నాలుగు లీటర్ల లోపే, అందులోనే గ్లాసు కూడా. మొదటి తొట్టి నీళ్లు అరటి పాదుకు పోశాం. ఇంతకంటే తక్కువలో చేసినవాళ్లుంటే వాళ్ల దగ్గర నేర్చుకోవాలని ఉంది.

కాబట్టి బోరులోనో బావిలోనో నీళ్లుండి, కడగడానికి నలుగురు మనుషులుండి, వచ్చేది వందలోపు జనమైతే నేను స్టీలుకే మొగ్గుతాను. ఆ కంచం మరో ఊళ్లో మరో విందుకు వెళుతుంది, పారేయాల్సింది ఏమీ ఉండదు. అయితే కడిగే పనంతా ఇంటి ఆడవాళ్ల నెత్తిన పడితే అది మేలైన పద్ధతి అనిపించుకోదు. తమ్ముడి ఇంట్లో మగవాళ్లమే తొట్ల దగ్గర కూర్చున్నాం. సిద్దిపేట ప్రాంతంలో స్టీలు బ్యాంకులు నడుస్తున్నాయి. విందు ఉన్నవాళ్లు అక్కడి నుంచి సామాను తీసుకెళ్లి, పనయ్యాక తిరిగి అప్పగిస్తారు. అద్దె సామాను దొరకని పల్లెలో పది కుటుంబాలు కలిసి వంద కంచాలు కొనుక్కున్నా ఏళ్ల తరబడి వాడుకోవచ్చు.

వేసవిలో ట్యాంకరు మీద బతికే కాలనీలో ఉంటే, లేదా మూడు నాలుగు వందల మంది వస్తుంటే, కుట్టు విస్తరే వేయండి. ఆర్డరు వారం ముందే ఇవ్వాలి. చివరి నిమిషంలో పరుగెడితే నాలా అచ్చు విస్తళ్లు తెచ్చుకోవాల్సి వస్తుంది. తిన్న ఆకులను ప్లాస్టిక్ సంచుల్లో మూటగట్టకుండా విడిగా ఒక గోనెలో వేయించండి. పెరడు లేనివాళ్లు దగ్గరలో ఎరువు గుంట ఉన్న రైతునో తోటనో ముందే మాట్లాడుకోవాలి.

కంచం మంచిది ఎంచుకుని కాఫీకి కాగితం కప్పు ఇచ్చే ఇళ్లు చాలా చూశాను. ఆ కప్పు లోపలా ప్లాస్టిక్ పొరే ఉంటుంది. 85–90 డిగ్రీల వేడి ద్రవం పావుగంట అందులో ఉంటే వంద మిల్లీలీటర్లకు దాదాపు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్ కణాలు కలుస్తాయని ఐఐటీ ఖరగ్‌పూర్ పరిశోధకులు 2020లో తేల్చారు. అద్దెకు తెచ్చిన సామానులోనే చిన్న స్టీలు గ్లాసులు ఒక యాభై ఎక్కువ తెచ్చుకోండి. కాఫీ గ్లాసుకు జిడ్డు ఉండదు, తొలిస్తే చాలు. మంచినీళ్లకు చిన్న సీసాలు పంచకుండా గుమ్మం పక్కన తడిగుడ్డ చుట్టిన రెండు కుండలు, వాటిలోకి పొడుగు పిడి ముంత ఒక్కొక్కటి పెట్టండి. మే నెల ఎండలో మా తమ్ముడి ఇంట్లో అన్నిటికంటే ముందు ఖాళీ అయినవి ఆ కుండలే. మధ్యాహ్నంలోగా నాలుగుసార్లు నింపాం.