ఎనిమిదేళ్లుగా మా ఇంట్లో హంప్టీ డంప్టీ

గాట్లీబ్ కంపెనీ 1947లో తెచ్చిన హంప్టీ డంప్టీ పేరెత్తగానే అందరూ ఫ్లిప్పర్ల గురించే, అంటే బంతిని తిరిగి పైకి కొట్టే విద్యుత్ తెడ్ల గురించే అడుగుతారు. వాటిని తొలిసారి అమర్చిన పిన్‌బాల్ (వాలు బల్లపై దొర్లే బంతితో ఆడే ఆట) యంత్రం కదా! షికాగో శివారులోని మా ఇంటి నేలమాళిగలో ఎనిమిదేళ్లుగా ఉన్న ఈ యంత్రంలో నాకు ప్రాణం మాత్రం దాని స్కోరు. అప్పటికింకా దొర్లే అంకెల చక్రాలు రాలేదు. గాజు పలకపై రాసిన అంకెల వెనక బల్బులు వెలుగుతాయి. బంతి బల్లపై ఉండే బంపరు అనే అడ్డుకు తగిలినప్పుడు లోపల పళ్లచక్రం ‘టక్’మని ఒక్క పన్ను జరుగుతుంది, వెలుగు ఒక అంకె పైకెక్కుతుంది. లెక్క పెరగడం చెవికి వినబడుతుంది.

రెండో చలికాలంలో ఆ లెక్కే తప్పింది. కొత్త ఆట మొదలుపెట్టినా పాత స్కోరు చెరగలేదు. విద్యుత్ కాయిల్ ఒకటి చక్రాన్ని పట్టి ఉంచే కొక్కేన్ని ఎత్తితే స్ప్రింగు చక్రాన్ని సున్నా దగ్గరికి లాగాలి. నా చక్రం సగంలోనే ఆగిపోతోంది. స్ప్రింగు వదులైందనుకుని ఒక చుట్టు బిగించాను. సున్నాకు వచ్చింది కానీ ఈసారి పైకెక్కడం మానేసింది. బిగిసిన స్ప్రింగుకు ఎదురు లాగే బలం చక్రాన్ని పైకి నడిపే రెండో కాయిల్‌కు లేదు. కాయిల్ కాలిందేమోనని మూడు ఆదివారాలు వెతికాను. చివరికి చక్రాన్ని ఊడదీస్తే ఇరుసు చుట్టూ లక్కలా గట్టిపడిన గ్రీజు! ఎప్పుడో ఎవరో మేలు చేస్తున్నాననుకుని పూసి ఉంటారు. స్పిరిట్‌తో తుడిచి, చుక్క నూనె వేయకుండా బిగించి, స్ప్రింగును పాత చుట్టుకే తెచ్చాను. మీట నొక్కగానే వెలుగు జరజరా సున్నాకు దిగింది. ఆ రాత్రి ఆట ఆడకుండా, అది దిగడమే పదిసార్లు చూశాను.

ఎవరైనా బాగుచేసుకోగల యంత్రమని మిత్రులకు చెప్పేవాణ్ణి. వైరింగ్ పటం చదవగలిగినవాళ్లు అని ఇప్పుడు కలుపుతున్నాను. ఇక ఆట సంగతి. ఆరు ఫ్లిప్పర్లూ పక్కలకు మూడేసి చొప్పున, బయటికి తిరిగి ఉంటాయి. కింద మధ్యలో జారే బంతిని ఆపే దిక్కు లేదు. బంతిని ఎగదన్నే బంపర్లు 1948లో గానీ రాలేదు. మా అబ్బాయి రెండు ఆటలతో లేచి వెళ్లిపోతాడు.

నాకు విద్యుత్ పని వచ్చు, ఆదివారాలు ఖాళీ, తేమ పట్టని నేలమాళిగ ఉంది. అందుకే నాకిది సరిపోయింది. అపార్ట్‌మెంట్‌లో ఉండేవారికి, ఆట కోసమే కొనేవారికి దీన్ని తీసుకోమని చెప్పలేను. ఇంకొకటి, ఆ బల్బుల వేడికే గాజు వెనక రంగు పెచ్చులూడుతుంది. మొన్న ఒక మూల చిన్న పెచ్చు కనిపించింది. అప్పటినుంచి రాత్రికి నాలుగు ఆటలు కాగానే స్విచ్ తీసేస్తున్నాను.