నెలనెలా "అనాథ పాప"కి డబ్బులు కడుతున్నారా? ముందు ఆ పాపకి అమ్మ ఉందేమో కనుక్కోండి

అందరికీ నమస్కారం. పోస్ట్ పెద్దదే, కానీ పిల్లల ఆశ్రమాలకి నెలనెలా డబ్బులు పంపేవాళ్ళు, పుట్టినరోజులకీ సంవత్సరీకాలకీ అక్కడ భోజనాలు పెట్టించేవాళ్ళు దయచేసి చివరిదాకా చదవండి. ఆశ్రమం పేరు రాయట్లేదు. విచారణ ఇంకా నడుస్తోంది, పైగా అక్కడి పిల్లలెవరో బయటికి తెలియకూడదు.

నాన్న పోయిన ఏడాదికి సంవత్సరీకం రోజున తెలిసినవాళ్ళు చెప్తే హైదరాబాద్ శివార్లలో ఒక ఆశ్రమంలో మధ్యాహ్నం భోజనాలు పెట్టించాం. పిల్లలంతా వరసగా కూర్చుని తిన్నారు, పాటలు పాడారు, మాతో ఫోటోలు దిగారు. వచ్చేటప్పుడు ఆఫీసు గదిలో ఫైళ్ళు చూపించారు. ఒక్కో ఫైల్లో ఫోటో, పేరు, తరగతి, కింద ఎర్ర సిరాతో "తల్లిదండ్రులు లేరు". మా అబ్బాయి ఈడు పాప ఒకతి ఉంది, ఆ పాప తిండికీ చదువుకీ బట్టలకీ నెలకి 2,500 అన్నారు. అక్కడే కూర్చుని ఆటోపే పెట్టేశాను. ఆ తర్వాత 28 నెలలు, అంటే 70,000 రూపాయలు వెళ్ళాయి. పోయిన డబ్బు గురించి కాదు నా బాధ.

మొన్న సంక్రాంతికి బట్టలు తీసుకుని వెళ్ళాను. వార్డెన్ లోపలికి వెళ్ళిన ఒక్క నిమిషంలో ఆ పాప నా కొంగు పట్టుకుని, "ఆంటీ, ఒక్కసారి మా అమ్మకి ఫోన్ చేస్తారా?" అంది. పది అంకెల నంబర్ గడగడా చెప్పేసింది. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. అక్కడ చేయడానికి భయమేసి, నంబర్ రాసుకుని ఇంటికొచ్చి చేశాను.

తల్లి ఉంది. కర్నూలు జిల్లా పడమటి వైపు పల్లె వాళ్ళది, భర్త చనిపోయాడు, ఏటా గుంటూరు వైపు మిరప కోతలకి వలస వెళ్తుంది. నేను ఫోన్ చేసినప్పుడు కూడా చేనులోనే ఉంది. నేనెవరో చెప్పేలోపే, "హాస్టల్ మేడమేనా? ఈ నెల వెయ్యి రూపాయలు కొంచెం ఆలస్యమైతాది మేడమ్, కూలి డబ్బులు ఇంకా రాలేదు" అంది. ఊళ్ళోకొచ్చిన ఒకాయన ఇంగ్లీష్ మీడియం చదువు, హాస్టల్ ఫ్రీ అని చెప్పి తీసుకెళ్ళాడట, నాలుగు నెలలు కాగానే నెలకి వెయ్యి కట్టమన్నారట. తన కూతురి ఫైల్లో తను చచ్చిపోయినట్టు రాసి ఉందని ఆమెకి తెలియదు. నేనూ ఆ రోజు చెప్పలేకపోయాను.

అంటే ఒకే పాప పేరు మీద కన్నతల్లి దగ్గర హాస్టల్ ఫీజు, నా దగ్గర అనాథ పేరుతో విరాళం. నాలాగే ఆ పాపకి డబ్బులు కడుతున్నవాళ్ళు ఇంకా ఎంతమంది ఉన్నారో.

వెళ్ళి కాగితాలు చూపించమని అడిగాను. సొసైటీ రిజిస్ట్రేషన్ చూపించారు, 80జీ చూపించారు, 12ఏ చూపించారు, గోడ మీద అవార్డులు చూపించారు. నేను అడిగింది వాటిల్లో ఏదీ కాదు, మీరూ ఇక్కడే మోసపోకండి. 80జీ అంటే విరాళమిచ్చిన మనకి పన్ను మినహాయింపు, 12ఏ అంటే ఆ సంస్థకి పన్ను మినహాయింపు, అంతే. పిల్లల్ని పెట్టుకోవడానికి జువెనైల్ జస్టిస్ (బాలల న్యాయ, సంరక్షణ) చట్టం, 2015, సెక్షన్ 41 కింద విడిగా రిజిస్ట్రేషన్ ఉండాలి, అది లేకుండా నడిపితే ఏడాది దాకా జైలు లేదా లక్షకి తగ్గని జరిమానా, లేదా రెండూ. ఇంకోటి, సంరక్షణ అవసరమైన ఏ పిల్లనైనా 24 గంటల్లోపు జిల్లా బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలి. ఆ పిల్ల అక్కడ ఉండాలో, ఇంటికి వెళ్ళాలో తేల్చేది ఆ కమిటీయే, ఆశ్రమం నడిపేవాళ్ళు కాదు. "ఈ పాపకి కమిటీ ఆర్డర్ ఉందా?" అని అడిగేసరికి ఆశ్రమం నడిపే ఆయన గొంతు మారింది. "మీలాంటివాళ్ళే పిల్లల పొట్ట కొడుతున్నారు" అన్నాడు. రిజిస్ట్రేషన్ లేదు, ఆర్డరూ లేదు.

పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చేశాను. ఫ్రీ కాల్, రాత్రీ పగలూ ఎత్తుతారు. జిల్లా బాలల సంరక్షణ విభాగం వాళ్ళు వచ్చి విచారించారు, పిల్లల్ని కమిటీ ముందుకి తీసుకెళ్ళారు. ఇక్కడ ఒక నిజం చెప్పాలి, ఆ పాప వెంటనే ఇంటికి వెళ్ళలేదు. రెండు నెలలు ప్రభుత్వ హోమ్‌లో ఉంది, ఆ రెండు నెలలూ నేను చేసింది తప్పా ఒప్పా అని నాకు నిద్ర లేదు. తర్వాత సొంత జిల్లా కమిటీకి పంపి, వాళ్ళు ఇల్లు చూసి వచ్చాక అమ్మమ్మ దగ్గరికి చేర్చారు. తల్లి వలస వెళ్ళినా అమ్మమ్మ ఊళ్ళోనే ఉంటుంది, పక్క వీధిలోనే బడి. అమ్మమ్మ ఉన్న సంగతి ఈ మూడేళ్ళలో ఎవరూ అడగలేదు!

నన్ను ఇప్పటికీ తినేసే లెక్క ఒకటుంది. నా 2,500, ఆ తల్లి వెయ్యి, కలిపితే 3,500. మిషన్ వాత్సల్య అనే పిల్లల సంరక్షణ పథకం కింద పిల్లని ఇంట్లోనే ఉంచి చదివించుకోవడానికి ప్రభుత్వం ఇచ్చే స్పాన్సర్‌షిప్ నెలకి 4,000. దాదాపు అంతే డబ్బు! భర్త పోయిన తల్లులకి, బంధువుల దగ్గర పెరిగే అనాథ పిల్లలకి, పెద్ద జబ్బుతో మంచాన పడ్డ తల్లిదండ్రుల పిల్లలకి ఇది వర్తిస్తుంది, కుటుంబ ఆదాయం పల్లెల్లో ఏడాదికి 72,000, పట్టణాల్లో 96,000 దాటకూడదు. ఈ తల్లి అన్నిట్లో సరిపోతుంది, అప్లికేషన్ పెట్టాం, ఇంకా మంజూరు కాలేదు, తిరుగుతున్నాం. ఆశ్రమానికి పంపడం ఆఖరి మార్గం కావాలని జువెనైల్ జస్టిస్ చట్టంలోనే రాసి ఉంది. మనం మాత్రం దాన్నే మొదటి మార్గం చేసేశాం, ఎందుకంటే ఆశ్రమానికి వెళ్తే ఫోటో దిగొచ్చు, పల్లెలో అమ్మమ్మ చేతిలో డబ్బులు పెడితే ఫోటో ఉండదు. ఫోటో అన్నాను కాబట్టి, అలాంటి పిల్లల ఫోటోలూ పేర్లూ బయట పెట్టడం అదే చట్టం సెక్షన్ 74 ప్రకారం నేరం. నేనూ నా స్టేటస్‌లో పెట్టాను, ఇప్పుడు అన్నీ తీసేశాను, మీరూ తీసేయండి.

కాబట్టి డబ్బు కట్టే ముందు మొహమాటం లేకుండా అడగండి, ఈ పాపకి ఇంట్లో ఎవరున్నారు, ఆఖరిసారి ఎప్పుడు కలిశారు, కమిటీ ఆర్డర్ ఉందా అని. ఉందంటే, పిల్ల వివరాలు మీకు చూపించక్కర్లేదు, జిల్లా సంరక్షణ విభాగానికి మీరే ఫోన్ చేసి ఆ హోమ్‌కి రిజిస్ట్రేషన్ ఉందో లేదో కనుక్కోండి. పద్ధతిగా నడిచే హోమ్‌లు ఉన్నాయి, అడిగితే వాళ్ళు కోప్పడరు. పిల్లని మీ ఇంట్లోనే కొన్నాళ్ళు పెంచాలనుకుంటే ఫాస్టర్ కేర్ ఉంది, 2024 మార్గదర్శకాల తర్వాత పెళ్ళి కానివాళ్ళు, ఒంటరిగా ఉండేవాళ్ళు కూడా అడగొచ్చు. ఇలా హోమ్‌లలో ఉన్న పిల్లల దత్తతకి మాత్రం కారా (కేంద్ర ప్రభుత్వ దత్తత సంస్థ) పోర్టల్ ఒక్కటే దారి. ఇదే ఆశ్రమంలో మా కొలీగ్ వాళ్ళకి "పసిబిడ్డ ఉంది, డైరెక్ట్‌గా ఇప్పిస్తాం" అన్నారట. డబ్బిచ్చి బిడ్డని తెచ్చుకుంటే కొన్నవాళ్ళకీ ఐదేళ్ళ దాకా జైలు ఉంది. తండాల నుంచి ఆడపిల్లల్ని కొని దత్తతకి పంపిన కేసులు మన దగ్గర 1999లో, 2001లో ఎంత గోల అయ్యాయో పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది.

నిన్న మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. కొత్త నంబర్, కొత్త పేరు, కింద ఫోటో మాత్రం నేను భోజనాలు పెట్టించిన అదే హాలు. "మీ పుట్టినరోజుని తల్లిదండ్రులు లేని చిన్నారులతో జరుపుకోండి" అని మొదలవుతుంది, చివర క్యూఆర్ కోడ్ ఉంటుంది. మీ గ్రూపుల్లోకి వస్తే ఫార్వర్డ్ చేయకండి. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుని, 1098కి చేసి చెప్పండి.