బ్రెఫెల్డిన్ ఎ, 5 మి.గ్రా. వయల్: వైరస్ ల్యాబ్‌కి కొనదగ్గదేనా?

కొనదగ్గదే. కణంలో ప్రోటీన్ల రాకపోకలను ఇంత త్వరగా ఆపి, కడిగేస్తే మళ్లీ సాగనిచ్చే మందులు అరుదు. కణంలో రవాణాకి స్విచ్ లాంటి ప్రోటీన్ ఆర్ఫ్1. దాన్ని చేతనం చేసే మరో ప్రోటీన్ జీబీఎఫ్1ను ఇది కదలకుండా పట్టేస్తుంది. దాంతో రవాణా సంచులను కప్పే కోప్1 అనే ప్రోటీన్ తొడుగు ఊడిపోయి, ప్రోటీన్లను సరిచేసి పంపే గోల్గీ పొరలు, వాటికి ముందు మజిలీ అయిన ఈఆర్ (ఎండోప్లాస్మిక్ రెటిక్యులం)లో కలిసిపోతాయి.

పొడి మూతకీ గోడలకీ అంటుకుని ఉంటుంది, తెరిచేముందు సెంట్రిఫ్యూజ్‌లో ఒక్క తిప్పు తిప్పండి. తూచే పని పెట్టుకోవద్దు. వయల్‌లోనే 1 మి.లీ. డీఎంఎస్‌వో (మందును కరిగించే ద్రావకం) పోసి, 20 మైక్రోలీటర్ల చొప్పున పంచి మైనస్ 20లో దాచండి. ఈ స్టాక్ 1 మైక్రోలీటరు, కణాలు పెంచే మీడియం 1 మి.లీ.కి సరిపోతుంది, అంటే మి.లీ.కి 5 మైక్రోగ్రాములు. ఈ లెక్కన వయల్ మొత్తం లీటరు మీడియానికి వస్తుంది, అంతకన్నా పెద్ద ప్యాక్ దండగ. పోలిక కోసం మందు లేకుండా ఉంచే కంట్రోల్ వెల్‌లో అంతే డీఎంఎస్‌వో వేయడం మరవద్దు.

37 డిగ్రీల్లో అరగంట చాలు. అయితే గోల్గీలోని జీఎం130 అనే ప్రోటీన్‌కి రంగు వేసి చూస్తే చుక్కలు చుక్కలుగా మిగిలే ఉంటుంది. మందు పనిచేయలేదని అనుకోకండి, ఆ ప్రోటీన్ తీరే అంత. గోల్గీలోని ఎంజైమ్ మానోసిడేజ్ 2తో చూడండి, ఈఆర్ అంతటా పరుచుకుని కనిపిస్తుంది.

ఫ్లూ మీద పనిచేసేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఎండీసీకే (కుక్క కిడ్నీ) కణాలతో. వాటి జీబీఎఫ్1లోనే మార్పు ఉంది, గోల్గీ చెక్కుచెదరదు. తప్పు వయల్‌ది కాదు. ముందు హీలా (మనిషి క్యాన్సర్) కణాల్లో పరీక్షించుకోండి. ఎండీసీకేలోనే చేయాలంటే 20 డిగ్రీల అడ్డు వాడండి, అంటే కణాలను 20 డిగ్రీల్లో ఉంచండి; ఫ్లూ వైరస్ పైనుండే ప్రోటీన్ హీమాగ్లుటినిన్, గోల్గీ చివరి భాగమైన ట్రాన్స్ గోల్గీలో ఆగిపోతుంది. కానీ హైదరాబాద్ మే నెలలో మామూలు వాటర్ బాత్‌ని నమ్మొద్దు. అది వేడి చేయగలదే గానీ చల్లబరచలేదు. చల్లబరిచే సర్క్యులేటర్ కావాలి, లేదా పెద్ద టబ్బులో నీళ్లు పోసి, థర్మామీటర్ చూస్తూ ఐస్ వేస్తుండాలి. ఇంక్యుబేటర్ బయట అంత కార్బన్ డయాక్సైడ్ ఉండదు కనుక మీడియంలో 20 మిల్లీమోలార్ హెపీస్ బఫర్ కలపండి, లేకపోతే మీడియం క్షారమై గులాబీ రంగుకి తిరిగిపోతుంది.

పోలియో వైరస్‌కి పొర లేదు, గోల్గీ దారిలో దాని ప్రోటీన్లకి పని లేదు. అయినా ఈ మందుతో ఆగిపోతుంది, ఎందుకంటే ఆర్‌ఎన్‌ఏ కాపీ చేసుకోవడానికే దానికి జీబీఎఫ్1 కావాలి. అందుకని వైరస్ తగ్గగానే రవాణా ఆగిందని రాసేయకండి. మందును ఇన్ఫెక్షన్‌కి ముందు ఒకసారి, కొన్ని గంటల తర్వాత ఒకసారి వేసి, ఆర్‌ఎన్‌ఏ కూడా కొలవండి. రాత్రంతా మాత్రం ఉంచొద్దు, కణాలే చనిపోతాయి.