సగం అరిగాక కూడా మోత రాని టైరు కోసం: బలెనోలో మిషెలిన్ ఎనర్జీ ఎక్స్‌ఎం2 ప్లస్

టైర్ల మీద రివ్యూలు చాలావరకు బిగించిన వారంలోనే రాసేస్తారు. ఆ వారంలో ఏ టైరైనా బాగానే ఉంటుంది. అరిగి గట్టిపడ్డ పాతవి పీకేసి ఎనిమిది మిల్లీమీటర్ల కొత్త రబ్బరు వేస్తే కారు మెత్తగా పోతుంది, అందులో వింతేముంది? సగం అరిగాక ఎలా ఉందో చెప్పేవాళ్లే తక్కువ. 2022 ఎండాకాలంలో మా మారుతి బలెనోకి (2017 డెల్టా వేరియంట్, టైరు సైజు 185/65 ఆర్15) మిషెలిన్ ఎనర్జీ ఎక్స్‌ఎం2 ప్లస్ నాలుగూ వేయించాను. ఇప్పటికి నలభై అయిదు వేల కిలోమీటర్ల పైనే తిరిగాయి. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

మేముండేది శంషాబాద్ వైపు, ఆఫీసు నానక్‌రాంగూడలో. రోజూ హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీదే ప్రయాణం. వారాంతాల్లో పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కి మెహదీపట్నంలో అత్తగారింటికి, పండగలకీ పెళ్లిళ్లకీ సూర్యాపేట మీదుగా విజయవాడకి. ఈ కారుకి తెలిసిన లోకం అంతే. స్పీడు సరదా నాకు లేదు. వెనక సీట్లో అమ్మ కూర్చుంటుంది, ఆవిడకి నడుం నొప్పి. కాబట్టి నాకు కావలసినవి రెండే: మోత ఉండకూడదు, కుదుపు తగ్గాలి.

కారుతో పాటు వచ్చిన టైర్ల సంగతి ముందు చెప్పాలి. ముప్ఫై వేలు దాటాక అరవై, డెబ్భై స్పీడులో వెనక నుంచి ఊఁ అని ఒకటే రొద మొదలైంది. మెకానిక్ ఒక రౌండు కొట్టొచ్చి, "బేరింగ్ పోయింది సార్, మార్చేద్దాం" అన్నాడు. బేరింగుకీ టైరుకీ తేడా పట్టుకోవడం అంత కష్టం కాదు. ఖాళీ రోడ్డు మీద మెల్లగా ఎడమకీ కుడికీ ఊపితే, బేరింగ్ మోత ఒక పక్కకి పెరిగి రెండో పక్కకి తగ్గుతుంది. టైరు మోత అలా మారదు, రోడ్డు మారినప్పుడు మారుతుంది. నా కారు తారు రోడ్డు దాటి కాలనీ సీసీ రోడ్డెక్కగానే రాగం మార్చేది. దిగి వెనక టైరు బటన్ల (రోడ్డుకి ఆనే రబ్బరు దిమ్మల) మీద అరచేతితో చుట్టూ నిమిరి చూశాను. ఒక వైపు నిమిరితే నున్నగా జారింది. ఎదురు వైపు నిమిరితే ప్రతి బటన్ అంచూ వేళ్లకి గీరుకుంది, రంపం పళ్లలాగా.

ముందు చక్రాలతో నడిచే కార్లలో ఇది మామూలే. వెనక టైర్లకి లాగే పని ఉండదు, తేలిగ్గా దొర్లుకుంటూ పోతాయి. దాంతో బటన్ల ఒక అంచు ఎక్కువగా, రెండో అంచు తక్కువగా అరుగుతుంది. ఆ మెట్లు రోడ్డుకి తగిలినప్పుడల్లా చప్పుడే. ఎనిమిది, పది వేలకోసారి ముందువి వెనక్కీ వెనకవి ముందుకీ మారుస్తుంటే (దీన్నే రొటేషన్ అంటారు) ఈ మెట్లు పెద్దగా ఏర్పడవు. ఒకసారి పడ్డాక మాత్రం అలైన్‌మెంట్ చేయించినా పోవు. ఆ సెట్టుకి కాలం తీరిపోయింది.

కొనేముందు నెట్‌లో డెసిబెల్ అంకెలు వెతికేవాళ్లకి ఒక మాట. యూరప్ లేబుల్ మీద ఉండే డెసిబెల్ అంకె రోడ్డు పక్కన నిలబడ్డవాడికి వినపడే మోత. మన దేశంలో టైర్లకి పెట్టిన ఏఐఎస్-142 ప్రమాణం చూసేదీ బయటి శబ్దమే. కారు లోపల మన చెవికి ఎంత వస్తుందో వాటిలో ఉండదు. కేంద్ర ఇంధన పొదుపు సంస్థ బీఈఈ ఇచ్చే నక్షత్రాలైతే ఇంధన పొదుపు గురించి, మోతతో వాటికి సంబంధమే లేదు.

లోపలికొచ్చే చప్పుడు రెండు రకాలు. ఒకటి బటన్లు రోడ్డుని కొట్టడం వల్ల, బటన్ల మధ్య గాడుల్లో గాలి నలిగి బయటికి తన్నుకు రావడం వల్ల వచ్చే సన్నటి మోత. బటన్లన్నీ ఒకే పొడవుంటే ఆ మోత ఒకే స్వరంలో కూస్తుంది. అందుకే మంచి టైరులో బటన్లు చిన్నా పెద్దా కలిపి పేరుస్తారు, కూత చెదిరిపోతుంది. షాపులో టైరు పక్కన కూర్చుని చూస్తే ఈ తేడా కంటికే తెలుస్తుంది. రెండోది గరుకు రోడ్డు అదురు పక్కగోడ గుండా, సస్పెన్షన్ గుండా ఎక్కి లోపల బొంగురుగా గుమ్మనడం. ఇది తగ్గాలంటే పక్కగోడ మెత్తగా, ఎత్తుగా ఉండాలి. మనవాళ్లు "సౌండ్ రాని టైరు" అని అడిగేది మొదటి రకం గురించి. మన రోడ్ల మీద ప్రాణం తీసేది రెండోది.

షాపులో నా ముందున్నవి యోకోహామా ఎర్త్-1, అపోలో ఆల్నాక్ 4జీ, ఈ మిషెలిన్. ఆఫీసులో ఒకతని ఐ20కి ఎర్త్-1 ఉంది, అందులో కూర్చుని చూశాను. నిశ్శబ్దంగా ఉంది, డబ్బుకి తగ్గ సరుకు. మిషెలిన్ ఒక్కో టైరుకి మిగతావాటి కంటే వెయ్యి పైచిలుకు ఎక్కువ పడింది. పైగా సరుకు తక్కువ. 2020 జూన్‌లో కేంద్రం టైర్ల దిగుమతిని ఆంక్షల జాబితాలో పెట్టాక దిగుమతి టైర్లకి మార్కెట్లో కటకట వచ్చింది. రెండు షాపులు తిరిగితే గానీ నాలుగూ ఒకే చోట దొరకలేదు. అయినా దీనివైపే మొగ్గాను. కారణం, అరిగాక కూడా తడి రోడ్డు మీద బ్రేకు పట్టు నిలుస్తుందన్నది ఈ టైరు గురించి కంపెనీ ముఖ్యంగా చెప్పుకునే గుణం. కొత్తదనం పోయాక ఎలా ఉంటుందో ఆలోచించి చేసిన టైరు అనిపించింది.

బిగించే ముందు పక్కగోడ మీద డాట్ (DOT) అని మొదలయ్యే అక్షరాల చివర నాలుగంకెల కోడు చూసుకోవాలి. 1022 అంటే 2022లో పదో వారం తయారీ. "నాలుగూ ఒకే లాటు సార్, చూడక్కర్లేదు" అంటాడు షాపతను. వంగి చూడండి. ఈ కోడు టైరుకి ఒక పక్కనే ఉంటుంది, ఆ పక్క లోపలికి తిప్పి బిగిస్తే కనపడదు, కాబట్టి రిమ్ముకి ఎక్కించకముందే చూడాలి. రెండేళ్లు గోడౌన్‌లో పడున్న టైరుకి పూర్తి డబ్బిచ్చి ఏం లాభం?

మొదటి వెయ్యి కిలోమీటర్ల గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. మెత్తగా, చప్పుడు లేకుండా ఉంది. ముందే చెప్పినట్టు ఏ కొత్త టైరైనా అంతే.

ఇప్పటి మాటకొస్తే, ఔటర్ మీద వందలో పోతున్నప్పుడు టైరు మోత కంటే అద్దాల దగ్గర గాలి హోరే ముందు వినపడుతుంది. కొత్తప్పటి కంటే మోత పెరిగింది, పెరగలేదంటే అబద్ధం. తారు గరుకుగా లేచిపోయిన ముక్కల మీద గుమ్మనడం బాగానే తెలుస్తుంది. కానీ పాత సెట్టు ముప్ఫై వేలకి పెట్టిన ఆ రొద ఇప్పటికీ లేదు. బటన్ల మీద చేత్తో నిమిరితే ఒక వైపు కాస్త గీరుకున్నట్టుంటుంది, అంతే. ఇందులో టైరు గొప్ప ఎంత, నేను వేళకి రొటేషన్ చేయించిన గొప్ప ఎంత అంటే, సగం సగం అంటాను. రొటేషన్ చేయించని వాళ్లు ఎంత ఖరీదు టైరు వేసుకున్నా ఈ ఫలితం ఆశించొద్దు.

సీసీ రోడ్డు మీద మాత్రం ఏ టైరైనా ఒకటే. కాంక్రీటు జారకుండా అడ్డంగా గీతలు గీస్తారు కదా, వాటి మీద చక్రం పడితే కూత తప్పదు. దీంట్లో కూత కొంచెం సన్నంగా ఉంది తప్ప పోలేదు. ఆ రోడ్ల మీద తేడా వస్తుందని చెప్పి అమ్మేవాడిని నమ్మకండి.

పీవీ ఎక్స్‌ప్రెస్‌వే దగ్గర దీని విలువ తెలిసింది. పదకొండున్నర కిలోమీటర్ల పైవంతెన, పొడుగునా జాయింట్లే. పాత టైర్లతో ప్రతి జాయింటూ నడుం మీద దడ్ దడ్ అని కొట్టేది, అమ్మ ముందు సీటు పట్టుకుని కూర్చునేది. ఇప్పుడు చప్పుడు వినపడుతుంది గానీ దెబ్బ సీటు దాకా రావడం బాగా తగ్గింది. ఆవిడ అటు పోయేటప్పుడు నిద్రపోతోంది, నాకు అంతకంటే సర్టిఫికెట్ అక్కర్లేదు.

అయితే ఈ సుఖమంతా గాలి మీద ఉంది. బంకులో కుర్రాడికి వదిలేస్తే ప్రతి కారుకీ 35 పీఎస్‌ఐ గాలి కొడతాడు. అదీ ఎండలో ఇరవై కిలోమీటర్లు నడిచొచ్చిన వేడి టైరుకి. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే ఒత్తిడి దాదాపు ఒకటిన్నర పీఎస్‌ఐ పెరుగుతుంది. కాబట్టి వేడి మీద చూసిన అంకె అసలు అంకె కాదు. డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కరు మీద ఎంతుందో అంతే, పొద్దున్నే బండి కదలకముందు. నేనొక చిన్న పంపు కొనుక్కుని ఇంట్లోనే కొట్టుకుంటున్నాను. రెండు పీఎస్‌ఐ ఎక్కువైతే పీవీ జాయింట్ల దగ్గర వెంటనే పట్టేయొచ్చు. మెత్తగా ఉంటుంది కదా అని తగ్గించి తిరిగేవాళ్లూ ఉన్నారు. ఆ పని వద్దు, మన ఎండల్లో తక్కువ గాలితో హైవే ఎక్కితే పక్కగోడ వేడెక్కి పేలే ప్రమాదం ఉంది. నైట్రోజన్ కొట్టిస్తే మోత తగ్గుతుందన్నది వట్టి మాట. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది.

వానల్లో బ్రేకు మీద ఇప్పటికీ నమ్మకం ఉంది. ఔటర్ సర్వీసు రోడ్డులో నీళ్లు నిలిచిన చోట్ల నెమ్మదిగానే పోతాను, అది వేరే సంగతి. మైలేజీలో తేడా చెప్పేంత కనపడలేదు. గుంతలో పడి పక్కగోడ ఉబ్బడం లాంటివి నాకు ఎదురుకాలేదు. కాకపోతే మెత్తటి పక్కగోడ ఉన్న ఏ టైరునైనా రోడ్డు పక్క రాళ్లంచుకి రాసి పార్క్ చేయకుండా చూసుకోవాలి. ఒకసారి పక్కగోడ తెగితే పంక్చర్ షాపులో అతికేది కాదు, టైరు మార్చాల్సిందే.

ఎవరికి నచ్చదో కూడా చెప్తాను. ఘాట్ రోడ్డులో మలుపు మలుపుకీ స్టీరింగ్ గట్టిగా స్పందించాలని కోరుకునేవాళ్లు దీని జోలికి పోవద్దు. తిప్పగానే ఒక క్షణం ఆగి మళ్లినట్టుంటుంది. మెత్తదనం కోరినప్పుడు ఇది ఇచ్చుకోవలసిన ధర. నాకు శ్రీశైలం రోడ్డులో కూడా ఇబ్బంది అనిపించలేదు, కానీ నేను తోలే తీరు వేరు.

బలెనో పై వేరియంట్లు ఉన్నవాళ్లకి ఇంకో లెక్క ఉంది. పాత తరం జీటా, ఆల్ఫాలకి 195/55 ఆర్16 వస్తుంది. పక్కగోడ ఎత్తు 107 మిల్లీమీటర్లు. నాది 185/65 ఆర్15, ఎత్తు 120. చక్రం మొత్తం వ్యాసం రెండింటిలో ఇంచుమించు ఒకటే, మిల్లీమీటరు లోపు తేడా. అంటే స్పీడోమీటరు మారదు, గుంతకీ రిమ్ముకీ మధ్య 13 మిల్లీమీటర్ల రబ్బరూ గాలీ మాత్రం అదనంగా వస్తాయి. మా తోడల్లుడిది ఆల్ఫా. టైర్లు మార్చే టైముకి 15 అంగుళాల రిమ్ములు తీసుకుని ఆ సైజుకి దిగిపోయాడు. కుదుపులో వచ్చిన తేడా ఏ కంపెనీ టైరు మార్చినా వచ్చేది కాదంటాడు, కూర్చుని చూశాక నేనూ ఒప్పుకున్నాను. అదే మోడల్ కింది వేరియంట్‌కి కంపెనీయే ఇచ్చే సైజు కాబట్టి ఫిట్టింగు గొడవ తక్కువ. అయినా మీ కారు బ్రేకులకి రిమ్ము సరిపోతుందో లేదో బిగించి చూపించమనండి, ఇన్సూరెన్సు వాళ్లకి ఒక మెయిలు పెట్టండి. చూడ్డానికి చక్రాలు చిన్నబోయినట్టుంటాయి, అది భరించగలిగితే చాలు.

మొన్న గేజి పెట్టి చూస్తే ముందు టైర్లలో మూడున్నర మిల్లీమీటర్లు, వెనకవాటిలో నాలుగు ఉంది. చట్ట ప్రకారం 1.6 దాకా వాడొచ్చు, గాడుల మధ్య చిన్న గుర్తులు ఆ లోతులోనే ఉంటాయి. నేను మూడు దగ్గర ఆపేస్తాను, వానాకాలంలో అంతకంటే తక్కువతో ఔటర్ ఎక్కే ధైర్యం లేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి టైర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, కాబట్టి ఈసారి కొట్టువాడు పాత ధర చెప్తే ఒప్పుకోను. ఇవే దొరికితే ఇవే వేయిస్తాను. సరుకు లేదంటే ఎర్త్-1, తారీఖు కోడు ఆరు నెలల లోపుదైతేనే.