మాస్టర్ సిలిండర్ ‘రీబిల్డ్’ చేసిస్తామనే ఆ సెల్లర్‌తో జాగ్రత్త!

కోపం చల్లారాక రాద్దామనుకుంటే ఇక రాయను. అందుకే ఇప్పుడే రాసేస్తున్నా. పాత కార్ల బ్రేక్ పార్ట్స్ రీబిల్డ్ చేసి కొరియర్‌లో పంపే ఆ సెల్లర్ ఎవరో మీకు తెలుసు. మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేక్ ఫ్లూయిడ్‌ని చక్రాల వైపు నెట్టే భాగం) అని వెతికితే ముందు తగిలేది వాళ్ల లిస్టింగే. నిగనిగలాడే ఫోటో, కింద వరసగా స్టార్లు. పేరు రాయను, అక్కర్లేదు.

విషయం క్లుప్తంగా. నా కారు మాస్టర్ సిలిండర్ వెనక సీల్ నుంచి కారి, ఫ్లూయిడ్ బూస్టర్‌లోకి (కాలి బలాన్ని పెంచే డబ్బా) పోతోంది. కింద ఒక్క చుక్క కనబడదు, రిజర్వాయర్‌లో మట్టం మాత్రం తగ్గుతూనే ఉంటుంది. ఈ మోడల్‌కి కొత్త సిలిండర్ రావడం ఎప్పుడో ఆగిపోయింది. బోర్ (పిస్టన్ కదిలే లోపలి రంధ్రం) వ్యాసం 19.05 మి.మీ. దొరికేదేమో 20.64. వినడానికి పెద్ద తేడా అనిపించదు గానీ పిస్టన్ వైశాల్యం దాదాపు 17 శాతం పెరుగుతుంది, అదే ప్రెషర్ రావాలంటే కాలు కూడా అంత ఎక్కువ బలంతో తొక్కాలి. వద్దనుకున్నా. పైగా బోర్‌లో గుంటలు పడి ఉంటాయని ముందే అనుమానం. బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కదా, ఏళ్ల తరబడి మార్చకపోతే ఆ నీళ్లే పోత ఇనుమును తినేస్తాయి. అలాంటి బోర్‌లో కొత్త కప్పులు (పిస్టన్ మీద ఉండే రబ్బరు సీళ్లు) వేసినా దండగే. అందుకని నా సిలిండర్‌నే వాళ్లకు పంపి, ఇత్తడి స్లీవ్ (బోర్ లోపల బిగించే గొట్టం, అదే కొత్త గోడ అవుతుంది) వేయించే ప్యాకేజీ తీసుకున్నా. వాళ్ల దగ్గర అన్నిటికంటే ఖరీదైనది అదే లెండి.

తిరిగొచ్చింది. అబ్బో, ఏం ముస్తాబు! బయట బంగారు రంగు పూత, కొత్త డస్ట్ బూట్, సర్క్లిప్ (పిస్టన్లు బయటికి రాకుండా పట్టి ఉంచే రింగు) మీద ఎర్ర పెయింట్ చుక్క. దాంతోపాటు ఒక చీటీ: ‘ఈ మార్క్ చెదిరితే వారంటీ వర్తించదు’. బిల్లులో ‘ఇత్తడి స్లీవ్, కొత్త కప్పులు, ప్రెషర్ టెస్ట్ పూర్తయింది’ అని అచ్చు వేసి ఉంది. ఆ ఎర్ర చుక్క చూసి ‘ఎంత పద్ధతిగా పని చేస్తున్నారో’ అని మురిసిపోయాను చూడండి, అదీ నా తెలివి.

బెంచ్ మీద పెట్టి ఎయిర్ తీశా. కారుకు బిగించాక నాలుగు చక్రాల దగ్గరా తీశా. పోసింది డాట్ 4 బ్రేక్ ఫ్లూయిడ్, సీల్ తీయని కొత్త డబ్బా. పెడల్ గట్టిగా నిలబడింది, బండి బయటికి తీశా.

కాస్త వాలుగా ఉన్న చోట సిగ్నల్ పడింది. బ్రేక్ మీద కాలు తేలిగ్గా ఆనించి ఆగాను. పెడల్ మెల్లగా కిందికి జారుతోంది. ముందు నా కాలే కదిలిందేమో అనుకున్నా. కాదు, నేను తొక్కకుండానే దిగుతోంది. బండి ముందున్న కారు వైపు పాకుతోంది. వెంటనే హ్యాండ్ బ్రేక్ పట్టి లాగేశా. కాలు తీసి మళ్లీ తొక్కితే పెడల్ పైకే వచ్చింది, గట్టిగానే ఉంది. తేలిగ్గా ఆనించి పెడితే మళ్లీ అదే జారుడు. సగం దాటి దిగాక ఎక్కడో ఆగుతోంది, అది కూడా రెండో సర్క్యూట్ (మిగతా చక్రాలకు వెళ్లే వేరే లైన్) బతికి ఉండబట్టి. సింగిల్ సర్క్యూట్ బండి అయితే పెడల్ నేలకు ఆనేది.

ఇంటికి ఎలా వచ్చానో అడక్కండి. చక్రాలు, పైపులు, హోస్‌లు, బూస్టర్ అన్నీ చూశా. ఎక్కడా తడి లేదు. రిజర్వాయర్ మట్టం కూడా తగ్గలేదు. అంటే బయటికి లీక్ లేదు, లోపలే ప్రైమరీ కప్పు అంచును దాటి ఫ్లూయిడ్ వెనక్కి వెళ్లిపోతోంది. గట్టిగా తొక్కితే ప్రెషర్‌కి కప్పు అంచు విచ్చుకుని గోడకు అతుక్కుంటుంది, అందుకే అప్పుడు బాగున్నట్టే ఉంటుంది. తేలిగ్గా తొక్కినప్పుడే బండారం బయటపడుతుంది.

బెంచ్ మీద వైస్‌లో పట్టి, స్టాప్ స్క్రూ తీసి, ఆ పవిత్రమైన ఎర్ర చుక్కను చెరిపి సర్క్లిప్ లాగేశా. పిస్టన్లు బయటికి తీసి, బోర్‌లోకి టార్చ్ వేసి చూస్తే ఇత్తడి లేదు!

పసుపు రంగు ఎక్కడా లేదు. స్లీవ్ అంచు ఉండాల్సిన చోట గీత లేదు. అదే నా పాత పోత ఇనుము, అదే బూడిద రంగు. మీద హోనింగ్ రాయితో (బోర్ గోడను అరగదీసి నునుపు చేసేది) తిప్పిన అడ్డదిడ్డం గీతలు, ఆ గీతల కింద బోర్ అడుగు వైపు వరసగా గుంటలు. గోరు పెడితే ఆగుతోంది. ఇంకో గొప్ప సంగతి, డస్ట్ బూట్ కింద నల్లటి గ్రీజు కుక్కారు, వీల్ బేరింగ్‌లో పెడతామే, అలాంటిది. కప్పులకు రాయాల్సింది శుభ్రమైన బ్రేక్ ఫ్లూయిడ్, లేదా బ్రేక్ రబ్బరు కోసమే చేసిన గ్రీజు. పెట్రోలియం గ్రీజు తగిలితే ఈ కప్పుల రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. వెనక కప్పు అంచు అప్పుడే అలలు తిరిగిపోయింది. అనుమానం వచ్చి రిజర్వాయర్ నుంచి కాస్త ఫ్లూయిడ్ తీసి నీళ్ల గ్లాసులో వేశా. మామూలుగా అయితే కలిసిపోవాలి. పైన జిడ్డు పొర తేలింది.

ఇక ఫోన్. అసలు ఈ పోస్ట్ రాస్తున్నది ఈ ఫోన్ కోసమే.

సెల్లర్ ముందు మహా మర్యాదగా మాట్లాడాడు. “ఎయిర్ సరిగ్గా తీశారా సార్?” అన్నాడు. ఎయిర్ ఉంటే పెడల్ స్పాంజిలా మెత్తగా ఉంటుంది, పంపు చేస్తే పైకొస్తుంది. నాది గట్టిగా ఉండి, పట్టి ఉంచితే జారుతోంది, అది వేరు, ఇది వేరు అని ఓపిగ్గా చెప్పా. “ఏ ఫ్లూయిడ్ పోశారు సార్?” చెప్పా. “మెకానిక్‌కి చూపించండి సార్.” విప్పి చూశాను, లోపల స్లీవే లేదు అన్నా.

ఒక్క క్షణం గ్యాప్. ఆ తర్వాత గొంతులో వచ్చిన సంతోషం మీరు విని ఉండాల్సింది.

“అయ్యో, విప్పేశారా సార్! విప్పితే వారంటీ పోతుందండి. చీటీలో రాశాం కదా.”

విప్పకుండా స్లీవ్ ఉందో లేదో ఎలా తెలుస్తుంది బాబూ అన్నా.

“విప్పకుండా మాకు పంపితే మేమే చెక్ చేసి చెప్పేవాళ్లం సార్.”

అంటే దొంగతనం జరిగిందో లేదో దొంగే చెక్ చేసి చెప్తాడన్నమాట. ఈసారి సూటిగా అడిగా: స్లీవ్ వేశారా, లేదా? ఎంత తాపీగా చెప్పాడంటే, “బోర్ బాగానే ఉందని వేయలేదు సార్. హోన్ చేశాం. సరిపోతుంది.” మరి బిల్లులో ఇత్తడి స్లీవ్ అని ఉందే? “అది ప్యాకేజ్ పేరు సార్.”

ప్యాకేజ్ పేరట! నేను డబ్బు కట్టింది పేరుకి.

గుంటల ఫోటోలు అప్పటికప్పుడు పంపా. చూశాడు. చూసినట్టు నీలం టిక్కులు కూడా పడ్డాయి. అప్పుడొచ్చింది అసలు మాట: “ఇంత పాత బండికి ఇత్తడి ఎందుకు సార్? ఎంత తిప్పుతారు దాన్ని? నెమ్మదిగా నడుపుకోండి.”

ఆ మాట దగ్గరే నాకు నిజంగా మండింది. డబ్బు పోతే పోయింది. బ్రేకు పని చేయట్లేదు, ముందు బండిని గుద్దబోయాను అని చెప్తున్న మనిషికి ‘నెమ్మదిగా నడుపుకోండి’ అని సలహా ఇస్తాడా! అదేదో పార్కింగ్ లైటు వెలగట్లేదన్నట్టు. నేను నోరు తెరిచేలోపు “కస్టమర్ లైన్‌లో ఉన్నారు సార్” అని పెట్టేశాడు. పాపం ఆ కస్టమర్ ఎవరో! ఆ తర్వాత నా నంబర్ నుంచి ఎత్తలేదు. ప్లాట్‌ఫామ్‌లో కంప్లైంట్ పెడితే ‘సెల్లర్ పాలసీ ప్రకారం వస్తువు విప్పబడినది’ అని మూసేశారు. వీళ్లూ వాళ్లూ ఒకే చీటీ చదువుకున్నట్టున్నారు.

నష్టం సిలిండర్‌తో ఆగితే ఇంత బాధ లేదు. ఆ గ్రీజు ఫ్లూయిడ్‌లో కలిసి ఎంత దూరం పోయిందో తెలియదు. ఉబ్బిన కప్పు కాంపెన్సేటింగ్ పోర్ట్‌ని మూసేసిందంటే (ఫ్లూయిడ్ తిరిగి రిజర్వాయర్‌లోకి వెళ్లే రంధ్రం, సన్నటి తీగ దూరేంత ఉంటుంది) కాలు తీసినా ప్రెషర్ వెనక్కి రాదు, బ్రేకులు పట్టుకుని వేడెక్కిపోతాయి. కాబట్టి ఇప్పుడు లైన్లు మొత్తం కడిగి, వీల్ సిలిండర్ల కప్పులు, క్యాలిపర్ సీళ్లు, హోస్‌లు, రిజర్వాయర్ గ్రోమెట్లు, రబ్బరు అన్నది ఏదైతే ఉందో అన్నీ మార్చాలి. రీబిల్డ్ చేయించింది ఒక్క సిలిండర్‌ని, రీబిల్డ్ అవుతున్నది మొత్తం బ్రేక్ సిస్టమ్. దీనికి మాత్రం ప్యాకేజ్ పేరు లేదు.

‘ఫోటో అడగాల్సింది కదా’ అని ఎలాగూ అంటారు. అవును, అడగాల్సింది. స్లీవ్ వేశాక, కప్పులు వేయకముందు బోర్‌లోకి లైట్ వేసి తీసిన ఫోటో. బాడీ మీద పోత నంబర్ కూడా అందులో పడాలి, లేదంటే ఇంకొకరి సిలిండర్ ఫోటో పంపుతారు. పార్సిల్ వచ్చాక కారుకు బిగించకముందే, ఎయిర్ తీసి, పోర్టులకు ప్లగ్గులు బిగించి పుష్ రాడ్‌ని (పిస్టన్‌ను నెట్టే కడ్డీ) తేలిగ్గా నొక్కి పట్టండి. కొంచెం కదిలి ఆగిపోవాలి. జారుతూ పోతే అక్కడే వీడియో తీసి, విప్పకుండా కంప్లైంట్ పెట్టండి. అల్యూమినియం బాడీ అయితే హోన్ చేస్తామన్నవాళ్లకు అసలు ఇవ్వొద్దు, లోపలి అనోడైజ్డ్ పొర (గోడను కాపాడే గట్టి పూత) లేచిపోతుంది.

వాళ్ల దగ్గర ఇప్పటికే చేయించుకుని కారుకు బిగించేసిన వాళ్లుంటే, బండి కదలకుండా చక్రాలకు అడ్డం పెట్టి, పెడల్ మీద కాలు తేలిగ్గా ఆనించి, ఇంజిన్ ఆన్ చేసి, కాలు అలాగే ఓ నిమిషం ఉంచండి. మొదట్లో కొంచెం దిగి ఆగితే అది బూస్టర్ పని. ఆగకుండా దిగుతూ ఉంటే మాత్రం బండి బయటికి తీయకండి. నాలాగే బిల్లు పట్టుకుని ఉన్నవాళ్లు కింద రాయండి, అందరం కలిసి కంప్లైంట్ మళ్లీ తెరిపిద్దాం.